కొప్పులో చెయ్యి

సాయంత్రం ఐదున్నరకు గంట మోగుతుంది. ఆ మోత ఆగేలోపల ఆడవాళ్లంతా గేటు దగ్గర వరసగా నిలబడాలి, కొప్పులు విప్పుకొని. సెక్యూరిటీ గది పక్కన నేల మీద పసుపు గీత ఉంది. ఆ గీత మీద నిలబడిన మనిషి వెనక్కి తిరిగి చూడకూడదు. వెనకనుంచి సెక్యూరిటీ జెబమలర్ వచ్చి, రెండు చేతుల వేళ్లూ జుట్టులోకి దూర్చి, మెడ మొదలు నడినెత్తి దాకా తడుముతుంది. ఆ తర్వాత జాకెట్టు అంచు, నడుము. అయ్యాక "పో" అంటుంది. మగవాళ్ల గేటు వేరు. అక్కడ టిఫిన్ క్యారియర్ మూత తీసి చూపిస్తే చాలు.

రక్కమ్మాళ్ ఆ గీత మీద పదకొండేళ్లు నిలబడింది. ఒక్కరోజు కూడా నోరు తెరవలేదు. వేళ్లు మెడకు తగలగానే కళ్లు మూసుకొని, తను ఇంటికి వెళ్లే బస్సు దారిలో స్టాపుల పేర్లు లోపల చెప్పుకునేది. ఉక్కడం, ఆత్తుపాలం, కురిచి, సుందరాపురం, ఈచనారి, మలుమిచ్చంపట్టి, ఒత్తక్కాల్‌మండపం, కినత్తుకడవు. కినత్తుకడవు వచ్చేసరికి తడమడం అయిపోవాలి. మంచి రోజుల్లో ఈచనారి దగ్గరే అయిపోయేది. జెబమలర్ సెలవు పెట్టి కొత్తవాళ్లు వచ్చిన రోజుల్లో కినత్తుకడవు దాటి పొల్లాచ్చి దాకా పోవలసి వచ్చేది.

కోయంబత్తూరు శివార్లలో నీళ్ల పంపులు తయారుచేసే కంపెనీ అది. రక్కమ్మాళ్ పని వైండింగు. మోటారు లోపలి ఇనుప చట్రానికి సన్నని గాడులుంటాయి. వాటిలో రాగితీగ చుట్టల్ని ఒక్కొక్క పోగే జారవిడిచి, పీచు పలకతో అదిమి కూర్చాలి. పోగు మీది పూత గీసుకుపోతే మోటారు కాలిపోతుంది. మగవాళ్ల వేళ్లకు అంత ఓపిక ఉండదని ఆ హాల్లో నలభై ఒక్క మందీ ఆడవాళ్లే. రాగి ఖరీదైన సరుకు. ఎప్పుడో ఒకామె తీగను కొప్పులో చుట్టుకొని బయటికి తీసుకుపోయిందట. ఆమె పేరేమిటి, ఏ సంవత్సరం, పట్టుకున్నది ఎవరు అని అడిగితే ఒక్కరూ చెప్పలేరు. పేరు లేని ఆ ఒక్కామె కోసం ఇంతమంది ఆడవాళ్ల జుట్టులో రోజూ చేతులు పెడుతున్నారు.

రక్కమ్మాళ్‌కు నలభై నాలుగేళ్లు. కాపురం కినత్తుకడవు దగ్గర కాలనీలో. తాతల కాలంలో తోళ్ల పని, తర్వాత కొబ్బరితోటల్లో కూలి, ఇప్పుడు ఇంటికొకరు కంపెనీ బస్సెక్కుతున్న కుటుంబాలు అవి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. చదివింది ఎనిమిదో తరగతి, తమిళంలో. తెలుగు అక్షరం ఒక్కటి కూడా రాదు. కంపెనీ యజమాని ఇంట్లోనూ తెలుగే మాట్లాడతారని అందరికీ తెలుసు. అయితే ఆ తెలుగు, ఈ తెలుగు ఎన్నడూ ఒక బల్ల దగ్గర కూర్చోలేదు. యజమాని వైండింగు హాలుకు రాడు. వచ్చే సూపర్‌వైజర్ ఇళంగోకు తెలుగు ముక్క రాదు. అందుకని ఆ హాల్లో కాలనీ ఆడవాళ్లకు తెలుగే తలుపు, తెలుగే గడియ. ఇళంగో కడుపు గురించి, క్యాంటీను సాంబారు గురించి, మొగుళ్ల గురించి ఏమనుకోవాలన్నా అతని ఎదుటే అనేసుకునేవాళ్లు.

రక్కమ్మాళ్‌కు ఎదురుగా కూర్చునేది పాప్పాత్తి. అదే కాలనీ, పక్కిల్లు. రెండేళ్లు చిన్నది, "అక్కా" అని పిలుస్తుంది. పందొమ్మిదేళ్ల వయసులో రక్కమ్మాళ్ మేలూరు దగ్గర ఒక గ్రానైట్ క్వారీలో పని చేసింది. అక్కడి షెడ్డులో ఒక మనిషి వెనకనుంచి వచ్చి ఆమె జుట్టు పట్టుకున్నాడు. ఇంతవరకు చెప్పడానికి ఆమె ఒప్పుకుంది. ఆ తర్వాతిది ఇక్కడ ఉండదు. అది ఆమె సొంతం. తల్లికి తెలుసు, తల్లి పోయింది. మొగుడు సుడలైకి తెలియదు. బతికున్నవాళ్లలో పాప్పాత్తి ఒక్కదానికే ఎప్పుడో చెప్పుకుంది.

*

ఫిబ్రవరిలో కంపెనీకి కొత్త హెచ్ఆర్ ఆఫీసరు వచ్చింది. పేరు వినోదిని, మదురైనుంచి. ముప్పై లోపు వయసు. పంపులు కొనే విదేశీ కంపెనీ ఏదో షరతు పెట్టిందట: పనివాళ్ల మనసుకు తగిలిన పాత దెబ్బల్ని గుర్తించి, వాటిని రేపకుండా పని చేయించే పద్ధతి రావాలని. వినోదిని ఆ విషయం చదువుకొని వచ్చింది. స్టోర్సు పక్క గదిని సున్నం కొట్టించి, ఆకుపచ్చ తెర వేయించి, రెండు మెత్తని కుర్చీలు, కళ్లు తుడుచుకోవడానికి కాగితాల డబ్బా పెట్టించింది. తర్వాత అందరికీ ఒక ఫారం పంచింది. తమిళంలో ఇరవై రెండు ప్రశ్నలు. చిన్నప్పుడు ఎవరైనా కొట్టారా? ఇంట్లో హింస ఉందా? ఏ శబ్దం, ఏ స్పర్శ మిమ్మల్ని బాధపెడుతుంది? ఎప్పటినుంచి? ఎవరి వల్ల? పైన ఎవరి పని నెంబరు వాళ్లది, అట్టడుగున "వివరాలు రహస్యంగా ఉంచబడును" అని ఉంది.

"రహస్యమంటే మన నెంబరు ఎందుకక్కా పైన?" అంది పాప్పాత్తి తెలుగులో.

"చుమ్మా, ఊరికే అడిగేదానికి వీళ్లకేమి పిచ్చా? ఏమో ఉండాది ఇందులో," అంది రక్కమ్మాళ్.

అనుమానానికి కారణం ఉంది. రెండేళ్ల కిందట కంపెనీ ఉచితంగా కంటి పరీక్ష పెట్టింది. మంచి డాక్టరు, మంచి కళ్లద్దాలు, మధ్యాహ్నం బిర్యానీ. మూడు నెలలు తిరక్కుండా, అద్దాలు వచ్చిన ఏడుగురినీ వైండింగునుంచి తీసి ప్యాకింగుకు వేశారు, తక్కువ కూలికి. కంటి సంగతి చెప్పినందుకే అట్లా అయితే మనసు సంగతి చెబితే ఏమవుతుంది?

హాల్లో అందరికంటే పెద్దది రామక్కాళ్. ఫారం తలకిందులు చేసి చూసి, "నా మొగుడు కొట్టినాడా అని అడుగుతుండారే. కొట్టినాడంటే ఈ పిల్ల వచ్చి వాణ్ణి రెండు కొడుతుందా?" అంది. హాలంతా నవ్వింది.

"కొట్టే మొగమా అది? ఆ చీర చూడే, జవుళికొట్టు బొమ్మకి కట్టినట్టుండాది," అంది పాప్పాత్తి.

వినోదిని కిటికీ దగ్గర నిలబడి ఫారాలు సర్దుకుంటోంది. తలెత్తలేదు. చీర కొంగు మాత్రం ఒకసారి సవరించుకుంది. అది ఎవరూ పట్టించుకోలేదు.

నలభై ఒక్క ఫారాల్లోనూ ఇరవై రెండు ప్రశ్నలకూ ఒకటే జవాబు: లేదు. వైండింగు విభాగం పూర్తి మానసిక ఆరోగ్యంతో ఉందని హెడ్డాఫీసుకు నివేదిక వెళ్లింది.

*

జులైలో జెబమలర్ నాలుగు రోజులు సెలవు పెట్టింది. బదులు వచ్చిన కొత్త పిల్ల తడమలేదు, గుంజింది. మర్నాడు పొద్దున రక్కమ్మాళ్ చేతిలో పోగులు నిలవలేదు. ఒక చట్రం చెడిపోయింది, మళ్లీ విప్పాల్సి వచ్చింది.

"ఏమైందక్కా? నీ చేతిలో చట్రం చెడేదే లేదే."

"నిన్న అది జుట్టు పట్టి ఈడ్చింది చూడు. నాకి మేలూరు వచ్చేసింది పాప్పా. ఆ షెడ్డు, ఆ రాతి దుమ్ము వాసన, అన్నీ వచ్చేసినాయి. ఇంటికి పొయ్యి తట్టలో అన్నం పెట్టుకొని చూస్తా ఉండిపోయినాను."

"మెల్లిగా చెప్పక్కా, మేడం నిలబడుండాది."

టీ వేళకు చుట్టూ బల్లలు ఖాళీ అయ్యాయి. వినోదిని ఒక్కతే రెండు బల్లల అవతల నోటుపుస్తకం పట్టుకొని నిలబడి ఉంది.

"నిలబడనీ. ఆ పిల్లకి ఏమి అర్థమవుతుంది?"

అని, గుండెలో ఉన్నదంతా, ఇరవై ఐదేళ్లలో రెండోసారి, బయట పెట్టేసింది. హాలు మధ్యలో, పట్టపగలు, తెలుగులో. ఆ ఆడవాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది. సొంత భాషను గోడ అనుకున్నారు.

జెబమలర్ సెలవునుంచి తిరిగి వచ్చిన రోజు సాయంత్రం రక్కమ్మాళ్ గీత మీదికి వచ్చి కళ్లు మూసుకుంది. ఉక్కడం, ఆత్తుపాలం. వేళ్లు రాలేదు.

"మీరు వద్దక్కా. మీరు పోవచ్చు," అంది జెబమలర్. ఆమెదీ తెలుగు ఇల్లే, క్రైస్తవులు, ఉక్కడం పక్క కాలనీ.

"ఎందుకు?"

"మేడం చెప్పిండారు."

"ఎందుకు చెప్పిండారు?"

"నాకేం తెలుసక్కా? చీటీ ఇచ్చినారు. మీ నెంబరు ఒకటే ఉండాది. పోండి, వెనక లైను నిలబడుండాది."

వెనక లైను నిలబడి ఉండటమే కాదు, చూస్తోంది. విప్పిన కొప్పులతో నలభై మంది. వాళ్లలోనుంచి ఎవరో అన్నారు: "ఇంగ మనమంతా దొంగలు, ఆమె ఒకతే మహాలక్ష్మి."

రక్కమ్మాళ్ జుట్టు ముడేసుకోకుండానే గేటు దాటింది. పదకొండేళ్లుగా ఏ చెయ్యి తన తలమీద పడకూడదని కోరుకుందో ఆ చెయ్యి ఇవాళ పడలేదు. సంతోషం రాలేదు. ఎవరికి తెలిసింది, ఎట్లా తెలిసింది అన్న ఒక్క ప్రశ్న తలలో తిరిగింది. తెలిసినది ఒక్కతే. పక్కింటిది.

మర్నాడు మధ్యాహ్నం తిండికి రక్కమ్మాళ్ పాప్పాత్తి పక్కన కూర్చోలేదు. కొళాయి దగ్గరికి పోయి కూర్చుంది.

"ఏమక్కా, మొగం తిప్పుకొనుండావు?"

"నీ మొగం చూసే కండ్లు నాకి లేవే."

"ఓహో. ఆఫీసోళ్ల మొగాలు చూసేదానికి పొయ్యిందా కన్ను? కొప్పు విప్పని మహారాణికి మాతో ఏమి మాట?"

ఇద్దరూ ఒకరినొకరు అనుమానించారు. ఒకతె తన రహస్యం అమ్ముడుపోయిందనుకుంది. రెండోది తన స్నేహితురాలు పైవాళ్లకు కబుర్లు చేరవేసి బహుమానం అందుకుందనుకుంది. ఎదురెదురుగా కూర్చొని, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరలో, రోజంతా ఒక్క మాట లేకుండా రాగి చుట్టారు.

ఆ వారమే ఆకుపచ్చ తెర గదికి పిలుపు వచ్చింది. కూర్చోమన్న కుర్చీ వీపు తలుపు వైపుకు ఉంది. రక్కమ్మాళ్ దాన్ని తిప్పి, గోడకు ఆనించుకొని కూర్చుంది. మనుషుల గాయాల గురించి అంత చదువుకున్న వినోదినికి ఆ కుర్చీ సంగతి తోచలేదు.

"అక్కా, ఇక్కడ మీకు భయం లేదు," అంది వినోదిని తమిళంలో, చాలా మెత్తగా. "ఎవరూ బలవంతం చెయ్యరు. చెప్పాలనిపించినప్పుడే చెప్పండి. మీరు ఒంటరివాళ్లు కాదు."

బల్లమీద ఫైలు ఉంది. తలకిందులుగా ఉన్నా తమిళ అక్షరాలు రక్కమ్మాళ్‌కు తెలుసు. పై వరసలో తన పేరు, నెంబరు. కింద వరసలో ఒకే మాట: మేలూరు.

"నాకు చెప్పడానికి ఏమీ లేదు," అని లేచి వచ్చేసింది. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చొని, దిగాల్సిన కినత్తుకడవు దాటిపోయినా గమనించలేదు.

*

పది రోజులకు వైండింగు హాల్లో పిడికిట్లో పట్టే చిన్న రాగితీగ రీలు ఒకటి కనిపించకుండా పోయింది.

పొద్దున పదింటికి ఇళంగో హాలు మధ్యకు వచ్చి నిలబడ్డాడు. యంత్రాలు ఆపమన్నాడు. "రోజూ అందరినీ చూసే పంపుతున్నారు. చూడకుండా పోయేది ఒక్కరే," అన్నాడు తమిళంలో. పేరు చెప్పలేదు. అవసరం లేకపోయింది. అందరి తలలూ ఒకే వైపు తిరిగాయి.

ఎవరో కబురు చెప్పినట్టున్నారు, వినోదిని పరుగున వచ్చింది. "సార్, ఆమె కాదు. ఆమెను తనిఖీ చెయ్యొద్దని నేనే చెప్పాను. దానికి కారణం ఉంది."

"ఏం కారణం?"

వినోదిని నోరు తెరిచింది.

రక్కమ్మాళ్ ఆ నోటినే చూస్తోంది. ఆ నోరు చెప్పకపోతే తను దొంగ, పదకొండేళ్ల పని పోతుంది. చెబితే మేలూరు ఈ హాలంతా తెలిసిపోతుంది. సాయంత్రానికి బస్సులో, రాత్రికి కాలనీలో, మొగుడి చెవిలో. మంచి మనసుతో చేసిన పని ఒక మనిషిని ఎక్కడికి తెచ్చి నిలబెట్టిందో చూడండి.

ఆమె చటుక్కున పాప్పాత్తి వైపు తిరిగింది. తెలుగులో అరిచింది. "చెప్పవే! ఆ పిల్ల ఎందుకు, నువ్వే చెప్పు! ఒకరికి చెప్పినావు కదా, ఇంగ అందరికీ చెప్పు!"

"నేనెవరికి చెప్పినానే? నా బిడ్డ మీద ఆన, ఒక మాట చెప్పలేదు!"

"నీకి తప్ప ఎవరికి తెలుసు?"

"ఆమె చెప్పలేదక్కా," అంది వినోదిని. "మీరు చెప్పేప్పుడు నేనే విన్నాను."

తెలుగులో అంది. మదురై పాత వీధుల్లో వర్తకుల ఇళ్లలో మాట్లాడే తెలుగు అది. కొంచెం గుండ్రంగా, కొంచెం పాతగా ఉన్నా ప్రతి మాటా అర్థమవుతూనే ఉంది.

రామక్కాళ్ చేతిలోని పీచు పలక బల్లమీద పెట్టి ఆమె వైపు తిరిగింది.

"ఏమి పాపా ఇది," అంది. "అప్పుడు నేను సార్ కడుపు గురించి చెప్పిందీ..."

"విన్నాను."

"నీ చీర గురించి..."

"అదీ విన్నాను."

"ఏం మాట్లాడుతున్నారు? ఎవరైనా తమిళంలో చెప్పండయ్యా!" అన్నాడు ఇళంగో. ఒక్కరూ అతనికి చెప్పలేదు.

రక్కమ్మాళ్ బల్ల వెనకనుంచి బయటికి వచ్చింది. ఇళంగోతో తమిళంలో మాట్లాడింది. పదకొండేళ్లలో అతనితో ఆమె మాట్లాడిన పొడవైన మాటలు అవే.

"కారణం చెప్పను సార్. అది కంపెనీ సొత్తు కాదు. సోదా చెయ్యాలంటే చెయ్యండి. వెనకనుంచి కాదు. నా ఎదురుగా నిలబడి, నన్ను అడిగి. జుట్టు నేనే విప్పుతాను, ఎవరి చెయ్యీ పడకూడదు."

జెబమలర్‌ను పిలిచారు. ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక కట్టుకుంది. రక్కమ్మాళ్ కొప్పు ముడి లాగి, జుట్టు ముందుకు వేసుకొని దులిపింది. మూడు పిన్నులు నేలమీద పడ్డాయి, ఒకటి తుప్పు పట్టింది. ఇంకేమీ పడలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి.

అప్పుడు పాప్పాత్తి లేచింది. రక్కమ్మాళ్ వైపు చూడకుండా ఇళంగో ఎదుటికి పోయి, "నాదీ ఇట్లానే చూడండి సార్. ఇంక వెనకనుంచి కుదరదు," అంది. నలభై ఒక్క మందిలో పద్నాలుగు మంది లేచారు. మిగతావాళ్లు తలొంచుకొని కూర్చున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి మనం ఎవరం? కంటి పరీక్ష సంగతి వాళ్లకు గుర్తుంది.

మర్నాటి మధ్యాహ్నం రీలు దొరికింది. పాత మోటార్లకు మళ్లీ తీగ చుట్టే షెడ్డులో ఉంది. పరీక్షించి చూడమని ఇళంగోనే పంపి మరిచిపోయాడు. క్షమించమని అతను అడగలేదు. అడగమని అతనికి ఎవరూ చెప్పలేదు కూడా.

*

వినోదిని మాట్లాడాలంది. ఆకుపచ్చ తెర గదికి రానంది రక్కమ్మాళ్. కొళాయి దగ్గర, నలుగురూ తిరిగేచోట, గట్టుమీద కూర్చున్నారు.

"మొదటిరోజే చెప్పుండాలక్కా, నాకు తెలుగు వస్తుందని. ఎవరూ అడగలేదు. ఫారాలు పంచిన రోజు మీరంతా నా చీర గురించి నవ్వితే ఎట్లా చెప్పేదో తెలియలేదు. ఇంక మాట దాటిపోయింది." చీర కొంగు సవరించుకొని అంది: "ఇళ్లలో తప్ప తెలుగు మాట్లాడి నాకు అలవాటు లేదు. బళ్లో మాట్లాడితే ఎగతాళి చేసేవాళ్లు."

"అది సరి. నా మాట కాగితంలో ఎందుకు రాసినావు?"

"మీ మంచికేనక్కా."

"నా మంచి నన్ను అడిగి చెయ్యాల కదా పాపా."

"అడిగితే చెప్పేవాళ్లు కాదు కదా!"

"ఎందుకు చెప్పాల?" రక్కమ్మాళ్ గొంతు పెంచలేదు. "చెప్తేనే ఆ చెయ్యి తీస్తారా? మా కడుపులో ఉండేదంతా తీసి మీ బల్లమీద పెడితేనే మీకి జాలి వస్తుందా? నాకొక్కదానికి తీసినావు, నేను దొంగనైనాను. అందరికీ తీసుంటే ఎవరికి ఏమైందని ఎవరికీ తెలిసుండదు. ఈ లైనులో ఇంకెంతమందికి మేలూరుండాదో నీకి తెలుసా? నాకే తెలియదు."

వినోదిని ఒళ్లో ఉన్న ఫైలు మీద చెయ్యి పెట్టుకుంది. ఆమె చెడ్డమనిషి కాదు. అదే ఈ కథలో భయపడాల్సిన విషయం. చెడ్డమనిషి అయితే జాగ్రత్తపడి ఉండేవాళ్లు. సానుభూతి ఉన్న ఆఫీసరు చేతిలో ఫైలు ఉన్నప్పుడు ఆ సానుభూతికీ ఫైలుకీ మధ్య ఎవరూ కాపలా ఉండరు.

"కాగితం ఇయ్యి," అంది రక్కమ్మాళ్.

ఇచ్చింది. నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దాచుకుంది.

"కంప్యూటర్లో?"

"తీసేస్తాను."

"నేను చూస్తా ఉండంగా తియ్యి."

ఆఫీసులోకి పోయి, వినోదిని వెనక నిలబడి, చెరిపేదాకా చూసింది. "ఇంగెక్కడుండాది?"

వినోదిని పంపిన మెయిళ్ల జాబితా తెరిచి చూపించింది. "హెడ్డాఫీసుకు ఒక మెయిల్ పోయింది. నెల నివేదికలో."

వాళ్లనూ చెరపమని రాసింది వినోదిని. చెరిపామని వారంలో జవాబు వచ్చింది. రక్కమ్మాళ్ ఆ జవాబును నమ్మడం లేదు. నమ్మమని ఆమెను అడిగే హక్కు ఎవరికీ లేదు.

గేటు దగ్గర మాత్రం ఒకటి మారింది. స్టోర్సు బీరువాలో, అట్టపెట్టె కూడా విప్పకుండా, చేత్తో పట్టుకొని లోహాన్ని కనిపెట్టే పరికరం ఒకటి ఆరేళ్లుగా పడి ఉందట. బ్యాటరీ మారిస్తే పనిచేసింది. ఇప్పుడు ఆడా మగా అందరికీ అదే. ఎదురుగా నిలబడి, మనిషికి జానెడు దూరంనుంచి ఆడిస్తారు. కూత పెడితే ఎవరి కొప్పు వాళ్లే విప్పి చూపించాలి. పసుపు గీత మీద ఇప్పుడు ముందుకు తిరిగి నిలబడుతున్నారు. "ప్రాణం లేచొచ్చిందక్కా," అంది జెబమలర్. "పొద్దుగూకినంక ఇంటికి పొయ్యి చేతులు కడుక్కుంటా కడుక్కుంటా ఉండేదాన్ని." ఆరేళ్లు ఆ యంత్రం బీరువాలో నిద్రపోతుంటే, ఆ పని ఈ మనిషి వేళ్లతో చేయించారు.

ఫారాలు ఆపేశారు. ఆపారో, కొత్తవి అచ్చు వేయిస్తున్నారో తెలియదు. గేటు పక్కన అంటించిన కాగితంలో మాత్రం "మూడు నెలల ప్రయోగం" అని ఉంది. ఆ తర్వాత పాత చెయ్యే తిరిగి రాదని అందులో ఎక్కడా రాయలేదు. రక్కమ్మాళ్ రోజూ పోతూ వస్తూ ఆ కాగితం చిరిగిందా, మారిందా అని చూసుకుంటుంది.

బస్సు స్టాపుల పేర్లు ఇంకా చెప్పుకుంటుంది, అలవాటు. ఇప్పుడు ఆత్తుపాలం రాకముందే అయిపోతుంది.

పాప్పాత్తి ఎదురు బల్ల మీదే ఉంది. మాట్లాడుతోంది. అయితే తమిళంలో మాట్లాడుతోంది. పక్కింటి మనిషి, అదే వంటింటి భాష మనిషి, "కత్తెర ఇవ్వండి", "తీగ అయిపోయింది" అని పరాయివాళ్లతో అన్నట్టు తమిళంలో అంటోంది. "పదకొండేళ్లు నా మొగం చూసి, నన్నే అనుమానించినావే" అని ఒకేసారి అంది, ఆ తర్వాత తెలుగు మూసేసింది. రక్కమ్మాళ్ ఎదురుచూస్తోంది. ఈ స్నేహానికి తగిలిన దెబ్బ క్వారీ మనిషి కొట్టింది కాదు. ఎవరినీ అడగకుండా తయారైన ఆ చీటీ కొట్టింది.

ఇదంతా అచ్చుకు వెళ్లే ముందు రక్కమ్మాళ్‌కు చదివి వినిపించడం జరిగింది. రెండు వాక్యాలు తీసెయ్యమంది, తీసేశాం. పేర్లు, ఊళ్లు మార్చమంది, మార్చాం. మీరు చదివింది ఆమె ఇచ్చినంత మాత్రమే.

ఇక మీ వంతు. రేపు సాయంత్రం మీరు పని చేసే చోట గేటు దగ్గర పది నిమిషాలు నిలబడి చూడండి. ఎవరు ఎవరిని ముట్టుకుంటున్నారు, ఎటువైపునుంచి, అడిగి ముట్టుకుంటున్నారా? ఆ చెయ్యి ఆపమని మీ పేరుతో ఒక కాగితం రాసి ఇవ్వండి, మీ జుట్టులోకి ఆ చెయ్యి రాకపోయినా సరే. మీరే హెచ్ఆర్ కుర్చీలో ఉంటే, మనుషుల గతం అడిగే ఫారాన్ని ఇవాళే వెనక్కి తీసుకోండి. చేతిలో నెంబర్ల చీటీ ఉంటే చించెయ్యండి. బీరువాలో ఏ యంత్రం పడి ఉందో వెతకండి. మీరు చేసే మేలు అందరికీ ఒకేసారి చెయ్యండి. ఏ మనిషీ తన మేలూరును మీకు చెప్పుకోవాల్సిన అవసరం లేకుండా చెయ్యండి.